నిప్పు రాని అగ్నిప్రమాదం

మా హైస్కూల్లో అగ్నిప్రమాదం జరిగిన రోజు ఊరంతా వచ్చింది. ఫైరింజన్ వచ్చింది. అంబులెన్సు వచ్చింది. మామిడితోటలకు మందు కొట్టే ట్రాక్టరు కూడా వచ్చింది. రానిదల్లా నిప్పు ఒక్కటే. కాలింది బకెట్టెడు వేపాకు, అది కూడా సరిగ్గా కాలలేదు. ఇంత పెద్ద ప్రమాదాన్ని ఏ శత్రువు సాయమూ లేకుండా, కేవలం నా సొంత తెలివితేటలతో జరిపించాను. పిల్లల ప్రాణాలు కాపాడాలన్న మంచి ఉద్దేశంతోనే జరిపించాను సుమండీ! చెడ్డ ఉద్దేశం ఉన్నవాళ్ళకు ఇంత ఓపిక ఎక్కడిది?

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. పాకాల నుంచి లోపలికి పోయే దారిలో, మామిడితోటల మధ్యన ఉన్న ఊరు అది. ఆ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని. వేసవి సెలవులయ్యి బడి తెరవగానే, తిరుపతిలో పాఠశాల భద్రత మీద శిక్షణ ఉందని, ఒక టీచర్ని పంపమని పైనుంచి కబురొచ్చింది. లెక్కల సారుకి షుగరు. సోషల్ మేడం ఆడబిడ్డకు సీమంతం. హిందీ మేడంకి తిరుపతి బస్సు పడదు. అందరిలోకీ కొత్తదాన్ని, సాకు వెతుక్కోవడం ఇంకా చేతకానిదాన్ని, నేనే మిగిలాను.

వెళ్ళేటప్పుడు మామూలు హేమలతగా వెళ్ళాను. వచ్చేటప్పుడు మెడలో విజిలు, నెత్తిన టోపీ, కళ్ళ నిండా ప్రమాదాలు వేసుకుని వచ్చాను. ఎటు చూసినా అపాయమే. మధ్యాహ్న భోజనం వండే అక్కల దగ్గర సిలిండర్ని పొయ్యికి దూరంగా జరిపించాను. అంతవరకూ బాగానే ఉంది. స్టాఫ్ రూములో టీ తాగుతున్న లెక్కల సారుని, "సార్, భూకంపం వస్తే ఆ బీరువా సూటిగా మీ మీదే పడుతుంది" అన్నాను. ఆయన ఆ రోజు నుంచి టీ గ్లాసు పట్టుకుని వేపచెట్టు కింద తాగడం మొదలుపెట్టాడు. బీరువాకి భయపడి కాదట, నాకు భయపడి.

ఇక మాక్ డ్రిల్లు చేయాలి. అంటే, నిజంగా ప్రమాదం జరిగితే పిల్లలు ఎలా బయటికి రావాలో ముందుగా సాధన చేయించడం. హెడ్మాస్టరు రెడ్డెప్ప సారు గదిలోకి వెళ్ళాను. ఆయన రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. జీవితంలో ఆయనకున్నది ఒకటే కోరిక, ఏమీ జరగకూడదని.

"ఎందుకమ్మా ఈ గొడవంతా? మన బడి యానాడన్నా కాలిందా?"

"కాలలేదు కాబట్టే సార్, కాలితే ఏం చేయాలో ఎవరికీ తెలియదు."

"సరే, రేపు ప్రార్థనలో పిల్లోళ్ళకు చెప్పి, ఎల్లుండి చేయి."

"చెప్పకూడదు సార్! చెప్పి చేస్తే అది డ్రిల్లు అవుతుందా? అది నాటకం. ప్రమాదం చెప్పి వస్తుందా?"

నిజానికి తిరుపతిలో శిక్షణ ఇచ్చినాయన దీని గురించే గంటసేపు చెప్పాడట. ముందు పిల్లలకు చెప్పండి, తల్లిదండ్రులకు చెప్పండి, ఫైర్ స్టేషన్‌కు చెప్పండి, చుట్టుపక్కల వాళ్ళకు చెప్పండి, ఆ తర్వాతే చేయండి అని. చెప్పాడట అని ఎందుకంటున్నానంటే, ఆ గంటసేపూ నేను వెనక వరుసలో నాయుడుపేట నుంచి వచ్చిన మేడం కట్టుకున్న వెంకటగిరి చీర ఎంతకు కొన్నదో ఆరా తీస్తున్నాను.

రెడ్డెప్ప సారు పాపం, శిక్షణ పొందిన మనిషి చెబుతోంది కదా అనుకున్నారు. "నువ్వు సదువుకోనొచ్చినావు. నాకేం తెలుస్తుందిలే. కానీ ఎవురికీ దెబ్బలు తగలగూడదు సూడు" అన్నారు.

"దెబ్బలు తగలకుండా ఉండడానికే కదా సార్ ఇదంతా!" అన్నాను. ఈ మాట అన్నప్పుడు నా గొంతులో ఎంత గాంభీర్యం ఉండిందో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

డ్రిల్లుకు ఒక క్షతగాత్రుడు కావాలి. గాయపడిన మనిషిని మోసుకురావడం కూడా పిల్లలకు నేర్పాలి కదా. ఆ పాత్రకు మా తెలుగు పండితులు వరదాచార్యులు గారిని అడిగాను. తిరుపతి నుంచి రోజూ వచ్చి వెళ్ళేవారు. వాళ్ళ ఇంట్లో అందరూ గుడి కైంకర్యంలో ఉన్నవాళ్ళు. ఈయనకు మాత్రం చిన్నప్పటి నుంచి పౌరాణిక నాటకాల పిచ్చి. భారీ మనిషి, భారీ గొంతు.

"పాత్ర స్వభావమేమిటమ్మా?" అన్నారు కళ్ళు మెరుస్తూ. "పొగకు ఊపిరాడక పడినవాడా? మెట్ల మీద జారి పడినవాడా?"

"రెండూ అనుకోండి సార్."

"బాగు. అభినయానికి అవకాశం ఉంది. సంభాషణలు?"

"ఏమీ లేవు సార్. స్పృహ తప్పి ఉంటారు. అప్పటికప్పుడు పిల్లల్లోంచి నేను ఏరే రక్షణ బృందం వచ్చి మోసుకెళ్ళేదాకా, ఎవరేమన్నా, ఏం జరిగినా, మీరు కదలకూడదు."

"కదలను" అన్నారాయన, గుండె మీద చెయ్యేసుకుని. ఆయన మాట తప్పే మనిషయితే ఎంత బాగుండేదో!

రక్తం సంగతి తనకే వదిలేయమన్నారు. నాటకాల్లో చేసినట్టే పసుపు, సున్నం నీళ్ళలో కలిపి చెంబెడు పారాణి తయారుచేసుకొచ్చారు. నేను మేడ మీద, ఆరుబయట, ఇనప బకెట్లో పచ్చి వేపాకు, కొబ్బరిపీచు, గుప్పెడు సాంబ్రాణి వేసి సిద్ధం చేశాను. పొగ కళ్ళకు కనిపించాలి, ఎవరికీ తగలకూడదు. ఇంత జాగ్రత్త తీసుకున్న మనిషిని తర్వాత అందరూ అన్ని మాటలన్నారంటే చూడండి.

గంట కొట్టే బాధ్యత హెడ్మాస్టరుది. రహస్యం కదా, అటెండరుకు కూడా చెప్పలేదు. మా బడి గంట అంటే వరండాలో వేలాడే రైలుపట్టా ముక్క. "ఆపకుండా కొట్టండి సార్. నేను చాలనేదాకా" అన్నాను.

రెండో పీరియడు నడుస్తుండగా వేపాకు అంటించాను. తెల్లటి పొగ బుసబుసా లేచింది. వరదాచార్యులు గారు పై అంతస్తు వరండా చివర, మెట్లకు దగ్గరగా, పంచె నలగకుండా సర్దుకుని పడుకున్నారు. నెత్తిన పారాణి పోసుకున్నారు. చెంబెడు కాస్తా పోసుకున్నారు. కింద రెడ్డెప్ప సారు గంట మొదలుపెట్టారు. జీవితంలో ఎప్పుడూ గంట కొట్టని హెడ్మాస్టరు, చిన్నప్పటి ఆశ తీరినట్టు కొట్టారు.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. మా బడిలో ఆగకుండా కొట్టే గంటకు ఒకటే అర్థం. ఇంటికి పొండి అని. మామూలు వేళ కాకుండా కొడితే ఇంకో అర్థం. ఎవరో పెద్ద నాయకుడు పోయాడు, సెలవు అని.

"ఓ...!" అని బడంతా ఒక్క కేక వేసింది.

పిల్లలు పుస్తకాలు సంచుల్లో కుక్కుకుని పొర్లిన పాలలాగా బయటికి వచ్చారు. నిజం చెప్పొద్దూ, అంత వేగంగా ఏ బడీ ఖాళీ అయి ఉండదు. కాకపోతే వాళ్ళు మైదానంలో ఆగలేదు, నేరుగా గేటు దాటారు. వాళ్ళ వెనకే లెక్కల సారు కూడా టిఫిన్ క్యారియరు పట్టుకుని బయల్దేరాడు.

నేను మేడ దిగి పరిగెత్తుకొచ్చి, గేటుకు అడ్డంగా నిలబడి విజిలు ఊదాను. "ఆగండి! సెలవు కాదు! ఫైర్! ఫైర్! గ్రౌండ్లో లైన్లో నిలబడండి!"

అప్పుడు తల తిప్పి చూశారు. మేడ మీద పొగ. అప్పటిదాకా సంతోషంగా పరిగెత్తుతున్నవాళ్ళు ఇప్పుడు ఏడుస్తూ పరిగెత్తారు. సరిగ్గా అప్పుడే పై అంతస్తులోంచి దిగిన పదో తరగతి పిల్ల ఒకతి గొంతు చించుకుని అరిచింది.

"తెలుగు సారు సచ్చిపోయినాడు! మెట్లకాడ రగతంలో పడుండాడు!"

నా విజిలుకు ఆ గొంతుతో పోటీ పడే శక్తి లేదు.

గేటు ఎదురుగా బోండాలు వేసే కుప్పమ్మక్క అంగడి. ఆమె ఒక చేతిలో జల్లిగరిటె, ఇంకో చేతిలో ఫోను. నన్ను చూసి కేకేసింది. "భయపడొద్దు మేడం! ఫైరింజన్‌కి ఫోన్ చేసినా. అంబులెన్సుకీ చేసినా. మన సర్పంచికీ చేసినా. వస్తా ఉండారు!"

"అయ్యో, ఎందుకు చేశావక్కా?"

"ఎందుకు చేసినానా? బడి కాలిపోతా ఉంటే బోండాలు ఏంచుకుంటా కూసోమంటావా?"

నేను మళ్ళీ విజిలు ఊదాను.

ఊళ్ళోకి చేరిన పిల్లలు తలా ఒక మాట చెప్పినట్టున్నారు. కాసేపట్లో బిందెలతో ఆడవాళ్ళు, గడ్డపారలతో మగవాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనకే ఒకాయన ట్రాక్టరు తోలుకుంటూ వచ్చాడు. మామిడిచెట్లకు మందు కొట్టే ట్యాంకరు, పొడుగాటి పైపు, మోటారు, అన్నీ సిద్ధం.

"జరగండప్పా, జరగండి! మేడ మీదికి కొడతా!"

"వద్దన్నా! అది నిజం మంట కాదు!" అని అరిచాను.

"ఏందీ, నిజం మంట కాదా? పొగ కనపడతా ఉండ్లా? మేడంకి పొగ పట్టేసింది, పక్కన కూసోబెట్టండి" అన్నాడాయన, మోటారు ఆన్ చేస్తూ.

ధార మేడ మీదికి లేచింది. నా వేపాకు ఒక్క క్షణంలో చల్లారింది. అయినా ఆయన ఆపలేదు, ట్యాంకరు నిండుగా తెచ్చింది వాపసు తీసుకుపోవడానికా? మేడ మీద పడ్డ నీళ్ళు మెట్ల మీదుగా పై వరండాలోకి దిగాయి. వరండాలో వరదాచార్యులు గారిని నిలువెల్లా తడిపాయి. ఆయన కదల్లేదు. మాట ఇచ్చారు కదా. అక్కడి నుంచి ఆయన పారాణిని కలుపుకుని కింది మెట్లు దిగి, జనం ముందుకు ఎర్రగా వచ్చాయి.

ఎవరో ముసలాయన, "ఎంత మంది పోయినారో సామీ..." అన్నాడు. అంతే, ఏడుపులు మొదలయ్యాయి.

అప్పుడు దేవకి వచ్చింది. ఏడో తరగతి లావణ్య వాళ్ళమ్మ. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. చెప్పుల్లేవు. మోచేతుల దాకా మామిడిరసం, పచ్చగా. అక్కడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఊపిరందడం లేదు. నా రెండు భుజాలూ పట్టుకుంది.

"మేడం, నా బిడ్డ యాడుండాది?"

"ఏం కాలేదమ్మా. అది ఉత్త..."

"ఏమైందని నేనడగలే. నా బిడ్డ యాడుండాది?"

నాకు తెలియదు. ఎవరు గేటు దాటారో, ఎవరు లోపల ఉన్నారో, ఎవరు భయపడి ఏ తోటలో దూరారో నాకు తెలియదు. టోపీ ఉంది, విజిలు ఉంది, పిల్లలే లేరు. భద్రత అంటే ఏమిటో అన్ని రోజులు ఉపన్యాసాలు ఇచ్చినదాన్ని, ఒక తల్లి అడిగిన ఒక్క ప్రశ్నకు నోరు తెరుచుకుని నిలబడ్డాను. నవ్వించడానికే ఇదంతా రాస్తున్నాను గానీ, ఈ ఒక్క చోట నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

లావణ్య దొరికింది. కుప్పమ్మక్క అంగడి వెనకాల, ఇంకో ఇద్దరు ఆడపిల్లలతో కలిసి బోండా తింటోంది. "సెలవిచ్చినారు గదమ్మా" అంది. దేవకి కూతురి చెంప మీద ఒకటి కొట్టింది. వెంటనే ఆ పిల్లను పొట్టకు కరుచుకుని నేల మీద కూలబడి ఏడ్చింది. పిల్ల యూనిఫారం అంతా పచ్చగా అయ్యింది. నన్ను ఒక్కసారి చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇక చాలు, ఈ నాటకాన్ని ఇక్కడితో ఆపాలని మేడ మెట్లెక్కి పరిగెత్తాను. వరదాచార్యులు గారు తడిసిన బొంతలాగా పడి ఉన్నారు.

"సార్, లేవండి! అయిపోయింది!"

పెదాలు కదపకుండా అన్నారు. "రక్షణ బృందం ఏదమ్మా?"

"వచ్చేశారు సార్. నిజం వాళ్ళు వచ్చేశారు!"

ఒక కన్ను తెరిచారు. "నిజం వాళ్ళా?"

ఆయన లేచి కూర్చునేసరికి, గడ్డపార పట్టుకుని మెట్లెక్కుతున్న, ట్రాక్టరు తోలుకొచ్చినాయన ఎదురుపడ్డాడు. నెత్తి నుంచి పొట్టదాకా ఎర్రటి ధారలతో, అంత పెద్ద మనిషి పీనుగ లేచినట్టు లేవడం చూసి, "నాయనో!" అని గడ్డపార వదిలేసి దిగిపోయాడు. ఆయనకు సర్దిచెబుదామని, "అన్నా, ఆగండి, అది పారాణి..." అంటూ నేను గబుక్కున తిరిగాను. ఆ పారాణి మీదే కాలేశాను.

మెట్ల మీద జారేటప్పుడు పక్కనున్న కమ్మీ పట్టుకోవాలని, తల కాపాడుకోవాలని శిక్షణలో చెప్పారు. ఈ భాగం నేను శ్రద్ధగా విన్నాను. గుర్తొచ్చింది కూడా. కాకపోతే కిందికి చేరాక గుర్తొచ్చింది. కుడికాలి మడమ దగ్గర ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది.

అదే సమయానికి అంబులెన్సు లోపలికి వచ్చింది. ఇద్దరు కుర్రాళ్ళు స్ట్రెచరుతో దూకారు. నేను మెట్ల కింద కాలు పట్టుకుని కూర్చుని ఉన్నాను. నా వెనకే, పైనుంచి, "అమ్మా హేమలతా, దెబ్బ తగిలిందా?" అంటూ వరదాచార్యులు గారు ఎర్రగా దిగి వచ్చారు. ఇద్దరిలో స్ట్రెచరు ఎవరికి వస్తుందో మీరే చెప్పండి.

"నాకేమీ కాలేదు నాయనా! నేను క్షతగాత్రుణ్ణి కాను, నటుణ్ణి!"

"తలకు దెబ్బ తగిలితే ఇట్లనే మాట్లాడతారు. గెట్టిగా పట్టుకో అన్నా" అని ఒకడు ఇంకొకడికి చెప్పాడు. ఆయన్ని పడుకోబెట్టి, బెల్టులు బిగించి, మూతికి ఆక్సిజన్ పెట్టారు. దాంతో సంభాషణలు కూడా ఆగిపోయాయి. నన్ను చూసి, "మేడం, మీరు తోడొస్తారా?" అన్నారు. తల ఊపాను. కుంటుకుంటూ ఎక్కి, పక్క సీటులో కూర్చుని, దారి పొడుగునా ఆయన సెలైన్ సీసా నేనే పట్టుకున్నాను.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు, ఇద్దరు నర్సులు చుట్టుముట్టారు. దూది తీసుకుని తుడవడం మొదలుపెట్టారు. తుడిచారు. ఇంకా తుడిచారు. డాక్టరు ముఖంలో ఆదుర్దా పోయి అనుమానం వచ్చింది.

"గాయం యాడా లేదే?" అన్నాడు.

ఆచార్యులు గారు మూతి మీది గొట్టం తీసి, "నేను మొదటి నుంచీ మనవి చేసుకుంటున్నాను" అన్నారు.

"మరి దెబ్బ తగిలింది ఎవురికప్పా?"

క్లాసులో పిల్లలు ఎత్తినట్టు నేను మెల్లిగా చెయ్యెత్తాను. "నాకండీ."

బడి దగ్గర జరిగింది తర్వాత రెడ్డెప్ప సారు చెప్పారు. ఫైరింజన్ వచ్చిందట. ఆఫీసరు దిగి, తడిసిన మేడ, చల్లారిన వేపాకు, ఎర్రటి మెట్లు అన్నీ చూసి, "ఎవరండీ ఇక్కడ భద్రత ఇన్‌ఛార్జి?" అన్నాడట. "ఇప్పుడే అంబులెన్సులో పోయినాదండీ" అన్నారట ఈయన. ఆఫీసరు చాలా బాధపడ్డాడట. వివరం తెలిశాక ఇంకా ఎక్కువ బాధపడ్డాడట. "మాకు ఒక్క మాట చెప్పుంటే మేమే వచ్చి చేయించేవాళ్ళం కదా సార్! ఇదే సమయానికి ఇంకో ఊళ్ళో నిజంగా మంట లేచుంటే?" అని అడిగాడట. మంచం మీద పిండికట్టుతో పడుకున్న నేను ఆ మాటకు దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

కట్టు విప్పాక, ఊరికి బాకీ పడ్డ డ్రిల్లును మళ్ళీ చేశాం. ఈసారి ఆ ఆఫీసరునే పిలిచాం. ఇంటింటికీ కబురు చెప్పాం. ఇంటికి పోయే గంట వేరు, ప్రమాదం గంట వేరు అని పిల్లలకు వారం పొడుగునా కొట్టి వినిపించాం. దేవకి పని నుంచి అనుమతి తీసుకుని వచ్చి, గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. ఎవరూ పరిగెత్తలేదు, ఎవరూ ఏడవలేదు. సంచులు వదిలేసి వరుసగా మైదానంలోకి వచ్చారు. ఏ తరగతికి ఆ తరగతి టీచరు పేర్లు పిలిచారు. అందరూ పలికారు. సరైన డ్రిల్లు ఎంత చప్పగా ఉంటుందో ఆ రోజే తెలిసింది. ఆ చప్పదనం చూస్తుంటే నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

"పిల్లలంతా వచ్చారు. టీచర్లంతా వచ్చారు" అన్నాను గర్వంగా.

"హెడ్మాస్టరు గారేరీ?" అన్నాడు ఆఫీసరు.

అందరం కలిసి ఆయన గదికి వెళ్ళాం. రెడ్డెప్ప సారు ఫ్యాను కింద కూర్చుని కాగితాల మీద సంతకాలు పెడుతున్నారు.

"ఏందప్పా, అయిపోయిందా? బాగా చేసినారా పిల్లోళ్ళు?"

ఆఫీసరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "సార్, మీరు కాలిపోయినారు."

రెడ్డెప్ప సారు ఒకసారి తన చొక్కా వంక చూసుకున్నారు. తర్వాత బల్ల మీది కట్ట వంక చూశారు. "అట్లయితే ఈ సంతకాలన్నీ ఎవురు పెడతారు సామీ?" అన్నారు.

ఇప్పుడు నేను వేరే బడిలో పనిచేస్తున్నాను. అక్కడ కూడా భద్రత బాధ్యత నాదే, ఎందుకంటే నా అంత అనుభవం ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదు. కాబట్టి విద్యార్థినీ విద్యార్థులకు, వాళ్ళ అమ్మానాన్నలకు, బోండా అంగళ్ళ వాళ్ళకు, ట్రాక్టర్ల యజమానులకు, తెలుగు పండితులందరికీ నా కుడికాలి మడమ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకు, ముందుగా కబురు చేయకుండా నేను ఎవ్వరినీ కాపాడను.